పట్టాదారులమా, అనుభవదారులమా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ శుభసందర్భమున నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నేను పండితుడను గాను. బడి చదువు ముగిసిన పిమ్మట ఈ గ్రంథాలయపు బల్లమీదనే, నిఘంటువు ప్రక్కన పెట్టుకొని, భారతమును అక్షరమక్షరము కూడబలుకుకొని చదివినవాడను. వృత్తిచేత గ్రామలెక్కలు వ్రాయువాడను. కావున నా మాటలలో భారతము కొంత, పహాణీ కొంత కలసి వచ్చును. పెద్దలు మన్నించి వినగోరెదను.

మన తెలంగాణములో పాత పహాణీ చూచినవారందరకు ఒక సంగతి తెలియును. సర్వే నంబరు, విస్తీర్ణము, శిస్తు మొదలైన గడులతోపాటు అందులో పట్టాదారు పేరున కొక గడి, అనుభవదారు పేరునకు వేరొక గడి ఉండెడివి. భూమి ఎవరి పేర ఉన్నదో మొదటి గడి చెప్పును. దానిని నిజముగా దున్నుచున్న దెవరో రెండవ గడి చెప్పును. రెండు గడులలో ఒకే పేరున్నచో ఆ ఇల్లు నిశ్చింతగా నిద్రించును. పేర్లు వేరైనచో నేడో రేపో తగవు తప్పదు.

మన జీవితమునకు కూడ ఇట్టి పహాణీ ఒకటి వ్రాసి చూచుకొనవలెనని నా మనవి. పట్టాదారు గడిలో ఎవరి పేరు వారిదే. సందేహము లేదు. అనుభవదారు గడిలో ఎవరి పేరు వ్రాయవలెను? తెల్లవారి లేచినది మొదలు పండుకొనువరకు మనచేత పనులు చేయించుచున్నది మన నిర్ణయమా? లేక నిన్నటి అలవాటా? పొరుగువాని మాటా? “చూతములెమ్ము” అను అయిదక్షరముల సోమరి సలహాయా? చాలమంది విషయములో పట్టా మనది, అనుభవము పరులది.

దున్నక విడిచిన చేనును మనము పడావు అందుము. పడావు పడిన చేను ఖాళీగా ఉండునని తలపరాదు. మొదటి యేడు గడ్డి మొలచును. మూడవ యేటికి సర్కారుతుమ్మ కమ్ముకొనును. పదవ యేట ఆ చేనిలోనికి పోవ దారియే ఉండదు. ఎవరును విత్తలేదు, ఎవరును నీరు పెట్టలేదు. అయినను పంట పండినది. ముండ్లపంట! నిర్ణయము చేయని జీవితము కూడ అట్లే ఖాళీగా ఉండదు. మనము విత్తనిది అందులో మొలచును.

దీనిని జడత్వమందురు. జడత్వమనగా సోమరితనము మాత్రమే కాదు. రోజంతయు పరుగులెత్తువానియందు కూడ జడత్వ ముండవచ్చును. గాడికి అలవాటుపడిన ఎద్దు ఎంత వేగముగా నడచినను దారి తాను ఎన్నుకొన్నది కాదుకదా.

శాంతిపర్వములో భీష్ముడు ధర్మరాజునకు మూడు చేపల కథ చెప్పినాడు. లోతులేని మడుగులో మూడు చేపలుండెను. జాలరులు గండ్లు కొట్టి నీరు తోడివేయ నారంభించిరి. ముందుచూపు గల చేప, “నీరు పారుచున్నప్పుడే వేరొక మడుగునకు పోదము” అనెను. రెండవది, “సమయము వచ్చినప్పుడు ఉపాయము తోచకపోదు” అనెను. మూడవదాని పేరు దీర్ఘసూత్రుడు. అది, “ఇప్పుడు తొందర యేమి?” అనెను. మొదటిది కాలువవెంట తప్పించుకొనెను. రెండవది వలలో పడియు, త్రాటికి గ్రుచ్చిన చేపల నడుమ త్రాడు నోట కరచుకొని, గ్రుచ్చబడినదానివలె నటించి, వేరొక నీట కడుగునప్పుడు జారిపోయెను. దీర్ఘసూత్రుడు చచ్చెను. ఇది బడిపిల్లలు కూడ ఎరిగిన కథయే.

కాని అదే శాంతిపర్వములో అదే భీష్ముడు వేరొక కథ చెప్పినాడు. అది అంతమంది ఎరుగరు. గౌతముని కొడుకు చిరకారి. ప్రతి పనికిని చాలసేపు ఆలోచించుటచేత వానికా పేరు వచ్చెను. గౌతముడొకనాడు భార్యపై కోపించి, “నీ తల్లిని వధింపుము” అని కొడుకునకు ఆజ్ఞయిచ్చి అడవికి పోయెను. తండ్రి మాట కాదనరాదు, తల్లిని చంపరాదు. చిరకారి ఆయుధము చేతబట్టి రెండు ధర్మములను తూచుచు నిలిచిపోయెను. ఇంతలో తండ్రికి పశ్చాత్తాపము కలిగి, “నా కొడుకు ఆలస్యము చేసియుండునుగాక” అని ఏడ్చుచు తిరిగి వచ్చెను. తల్లి బ్రదికియుండెను. తండ్రి కొడుకును కౌగిలించుకొని ఆలస్యమును కొనియాడెను.

ఒకే పర్వములో ఒకే పితామహుడు ఆలస్యమును ఒకచోట నిందించి, వేరొకచోట స్తుతించుట ఏమి? ఈ ప్రశ్న నన్ను చాలకాలము వేధించినది. నాకు తోచిన సమాధానము మనవి చేయుచున్నాను. చిరకారి నిలిచియున్నాడేగాని ఊరకుండలేదు. ఆతని మనస్సు పని చేయుచునే యున్నది. రెండు తట్టలలోను బరువులు వేసి చూచుచున్నాడు. దీర్ఘసూత్రుని యెదుట త్రాసే లేదు. నీరు తగ్గుచున్నది కన్నులకు కనబడుచున్నను లెక్కలోనికి తీసికొనలేదు. బయటికి చూచినచో ఇద్దరును కదలలేదు. లోపల ఒకడు వివేకి, వేరొకడు జడుడు. కావున మనము ఆలస్యము చేయుచున్నప్పుడు అడుగుకొనవలసిన ప్రశ్న యిది: నేను తూచుచున్నానా, తూచుటను తప్పించుకొనుచున్నానా?

ఇక పురాణములు విడిచి మన దారిలోని సంగతికి వత్తును. దిల్‌సుఖ్‌నగరు, లాల్‌బహదూర్‌నగరు దాటి విజయవాడ రహదారిన తూర్పునకు పోయి, ఎడమకు మరలినచో పోచంపల్లి వచ్చును. నేత చీరలవలన ఆ ఊరి పేరు దేశమెల్ల తెలియును. దానికి వేరొక కీర్తియు కలదు.

1951 మార్చిలో ఆచార్య వినోబా భావే పౌనారు ఆశ్రమమునుండి కాలినడకన బయలుదేరి, హైదరాబాదు ప్రక్కనున్న శివరాంపల్లికి సర్వోదయ సమ్మేళనమునకు వచ్చిరి. సమ్మేళనము ముగియగానే నల్లగొండ ప్రాంతపు పల్లెలకు నడక సాగించిరి. అప్పటికి తెలంగాణములో సాయుధపోరాటము ఇంకను సాగుచునే యున్నది. భూమి లేనివాని బాధ, భూమి గలవాని భయము, రెండును పల్లెలను పట్టి పీడించుచుండెను. ఏప్రిల్ 18వ తేదీన వినోబా పోచంపల్లి చేరిరి. అచ్చటి నలుబది హరిజన కుటుంబములవారు తమకు 80 ఎకరముల భూమి కావలెనని అడిగిరి. ప్రభుత్వము ఇచ్చునో ఇయ్యదో, ఇచ్చినను ఎప్పటికో. వినోబా గ్రామస్థులవైపు తిరిగి, మీలో ఎవరైన ఏమైన చేయగలరా యని అడిగిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి, తాము 100 ఎకరములు ఇత్తుమని చెప్పిరి. అదియే భూదానోద్యమమునకు మొదలు. ఆ తరువాత వినోబా సుమారు పదమూడు సంవత్సరములు దేశమంతట నడచిరి.

ఈ కథలో నన్నాకర్షించినది దానము కంటె వేరొక చిన్న విషయము. తమ తండ్రిగారికి కొంత భూమి పేదలకు ఇయ్యవలెనను కోరిక యుండినదని రామచంద్రారెడ్డిగారు ఆనాడు చెప్పిరి. యోచించి చూడుడు. కోరిక ఆ ఇంటిలో పాతదే. భూమియు ఉన్నదే. పేదలు కూడ ఆ ఊరిలో నిన్నమొన్న వచ్చినవారు కారు. మూడును కన్నులయెదుట నుండగా ఇన్నాళ్లు తక్కువైన దేమి? “నేడు” అను ఒక్కమాట తక్కువైనది. ఆ సాయంకాలము ఆ మాట దొరకినది. విస్తీర్ణ మింతయని చెప్పబడినది. ఊరంతయు సాక్షియైనది. అంతవరకు కోరికగా ఉన్నది నిర్ణయమైనది. ఒక తరమున పుట్టిన మంచి తలపు రెండవ తరమునకు వారసత్వముగా వచ్చి, ఆ తరమున గాని నెరవేరలేదు. వారసుడు కూడ “చూతము” అనియుండినచో అది మూడవ తరమునకు పోయెడిది, లేక మట్టిలో కలసెడిది. మన పెద్దల తలపులు మన ఇండ్లలో ఎన్ని ఇట్లు వారసుని కొరకు వేచియున్నవో ఎవరికి వారు విచారించుకొనవలెను.

అయితే లెక్కలు వ్రాయువాడు జమను చూపి ఖర్చును దాచరాదు. 1957 నాటికి 5 కోట్ల ఎకరములు దానముగా సేకరింపవలెనని ఉద్యమము సంకల్పించినది. వచ్చిన వాగ్దానములు 40 లక్షల ఎకరములకు పైచిలుకు. అందులోను చాల భాగము పేదవాని చేతికి అందలేదు. కొంత రాతినేల. కొంత తగవులలోని నేల. కొంత నేలకు పేరు మారలేదు. కొంతచోట పేరు మారినను హద్దులు చూపినవారు లేరు. మన రాష్ట్రమున భూదాన గ్రామదాన చట్టము 1965లో వచ్చినది. అయినను నగరము చుట్టుపట్ల భూదాన భూములపై వ్యాజ్యములు నడచుచున్న వార్తలు మనము పత్రికలలో చదువుచునే యున్నాము.

ఉద్యమమును తక్కువచేయుటకు ఈ మాట చెప్పుట లేదు. భూమి లేని కుటుంబములకు లక్షల ఎకరములు కత్తి లేక చేరుట సామాన్యమైన పని కాదు. కాని వాగ్దానమునకును అనుభవమునకును నడుమ ఎంత దూరమున్నదో ఈ లెక్క చూపుచున్నది. సభలో చేయి యెత్తుట ఒక నిమిషము పని. కొలత వేయించి, హద్దురాళ్లు నాటించి, దస్తరములో పేరు మార్పించి, నాగలి దింపించుట నెలల పని. చప్పట్లు మొదటిదానికే దొరకును. ఫలము రెండవదానియందే యున్నది. మనలో జడత్వము మొదటి నిమిషమున ఓడిపోయినట్లు నటించి, తరువాతి నెలలలో మెల్లగా తిరిగి వచ్చి కూర్చుండును.

తిరిగి రానీయని వాని నొకనిని స్మరింతము. ఇదే రహదారిన ఇంకను తూర్పునకు పోయినచో నకిరేకల్లు. ఆ ప్రాంతమున 1915లో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామి పేదవాడు. వంట చేసినాడు, హోటలులో వడ్డించినాడు, పత్రికలో ప్రూఫులు దిద్దినాడు. రాజభాష ఉర్దూగా నున్న నిజాము రాజ్యములో తెలుగు పుస్తకము సామాన్యునికి చేరవలెనని నిశ్చయించుకొని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించినాడు. పుస్తకములు అచ్చువేయించుటతో తన పని తీరినదనుకొనలేదు. ఆ మూట తానే మోసికొని ఊరూర తిరిగి అమ్మినాడు. జైలుకు పోయినాడు. “ప్రజల మనిషి” అను నవల వ్రాసినాడు. 1961లో నలుబదియైదవ యేట మరణించినాడు.

ఆయన జీవితములో నేను చూచిన విశేష మేమనగా, ధనము కూడిన పిమ్మట చేయుదుననలేదు, చదువు ముగిసిన పిమ్మట చేయుదుననలేదు. ఉన్నచోటనుండి, ఉన్న బలముతో మొదలుపెట్టినాడు. వడ్డించుట, ప్రూఫులు దిద్దుట, అచ్చు, మూట, జైలు, నవల, చూచుటకు ఆరు పనులు. కాని అన్నియు ఒకే గుంజకు కట్టినవి. నిండుగా నిర్ణయించుకొన్నవానికి పనులెన్నైనను జీవిత మొక్కటే. నిర్ణయము లేనివానికి పని యొక్కటే యైనను జీవితము పది ముక్కలు.

మన యువకుల సంగతి కూడ చెప్పక తప్పదు. దిల్‌సుఖ్‌నగరు అను పేరు, దిల్‌సుఖ్ రాం పర్షాద్ అనువారి పొలములు ఇండ్ల స్థలములుగా మారుటచేత వచ్చినదని చెప్పుదురు. ఒకనాడు జొన్న పండిన నేలమీద నేడు శిక్షణ కేంద్రములు, వసతిగృహములు వరుసలు తీరియున్నవి. 2018 నుండి అమీరుపేట మొదలు లాల్‌బహదూర్‌నగరు వరకు మెట్రో బండియు నడచుచున్నది. మన పల్లెల పిల్లలు తల్లిదండ్రుల కష్టార్జితముతో అచ్చట గదులు తీసికొని చదువుచున్నారు. వారిని ఎగతాళి చేయుటకు నాకు నోరు రాదు. ఉద్యోగములు కొన్ని, అభ్యర్థులు లక్షలు. ప్రకటనలు వెలువడుటలోను ఆలస్యము. అది వారి తప్పు కాదు.

కాని వారి చేతిలో నున్నది కూడ కొంత కలదు. ఒక కాలు బ్యాంకు పరీక్షలో, ఒక కాలు గ్రూపు పరీక్షలో, మనస్సు కంప్యూటరు కొలువులో పెట్టుకొని అయిదారేండ్లు గడపువాడు, ఓడినను గెలిచినను తానేమి కోరినదియు తెలిసికొనలేడు. ఇన్ని సంవత్సరములు, ఇన్నిసార్లు, ఆ తరువాత ఫలానా పని యని ముందుగా గడువు వ్రాసికొన్నవాడు ఓడినను నష్టపోడు. ఏలయన ఆ సంవత్సరములకు ఆతడే అనుభవదారు.

ఊరిలోనే యుండి వ్యవసాయము చేయుదునను యువకుడు జడుడని యెంచరాదు. నగరమునకు పోవుట చైతన్యము, ఊరిలో నుండుట జడత్వము అను లెక్క తప్పు. ఎటును పోలేక ఉన్నవాడు జడుడు. తూచి చూచి ఉన్నవాడు చిరకారి.

వేరొక మాట. ఇది తల్లిదండ్రులకు. ఆడపిల్ల ఇంటరు ముగించును. పై చదువు వలదని ఎవరును అనరు. పొమ్మనియు ఎవరును అనరు. దరఖాస్తు తేదీ దాటిపోవును. వచ్చే యేడు చూతమందురు. ఆ వచ్చే యేడు పెండ్లి చూపులతో వచ్చును. ఆ పిల్ల చదువును ఎవరు మాన్పించిరని అడిగినచో ఇంటిలో ఒక్కరును తాము కాదందురు. నిజమే. ఎవరును మాన్పలేదు. పడావు పెట్టినారు. ముండ్లపంట మాత్రము ఆ పిల్ల కోయవలెను. పొలము పంపకము తెగక, దున్నక, అమ్మక యేండ్లకేండ్లు విడిచిన అన్నదమ్ముల గతియు ఇట్టిదే. వారు నిర్ణయింపకున్న, దళారి నిర్ణయించును.

మరి జడత్వమును వదలించుకొను మార్గమేమి? నాకు తెలిసినది లెక్కల మార్గమే. నాలుగు మాటలు.

మొదటిది, తేదీ. తేదీ లేని దస్తావేజు చెల్లదు. “మంచివాడనగుదును” అనుట కోరిక. “ఈ ఉగాది మొదలు త్రాగుడు మానితిని” అనుట నిర్ణయము.

రెండవది, హద్దు. చేనికి నాలుగు ప్రక్కల హద్దులు చెప్పనిదే పట్టా కాదు. అట్లే నేనేమి చేయుదునో చెప్పుటతోపాటు దానికొరకు ఏమి విడుతునో కూడ చెప్పవలెను. ఏమియు విడువని నిర్ణయము హద్దులేని చేను. నలువైపులనుండి పశువులు పడును.

మూడవది, బయానా. నిర్ణయించిన దినముననే, నిద్రకు పోకముందే, ఎంత చిన్నదైనను ఒక పని చేసితీరవలెను. దరఖాస్తు కాగితము తెచ్చుటయో, అప్పులవానికి మొదటి వందరూపాయ లిచ్చుటయో, గ్రంథము తెరచి మొదటి పుట చదువుటయో. బయానా పడని బేరము బేరము కాదు.

నాలుగవది, జమాబంది. ఏటేట లెక్కలు తనిఖీ చేసినట్లు ఏడాదికొకసారి మన నిర్ణయమును మనమే తనిఖీ చేసికొనవలెను. తప్పని తేలినచో రద్దు చేయవచ్చును. రద్దు కూడ నిర్ణయమే. తేదీ వేసి, కారణము వ్రాసి రద్దు చేయుటలో అవమానము లేదు. రద్దును చేయక, అమలును చేయక పెట్టెలో నుంచుటయే అవమానము.

ఇక మన గ్రంథాలయమును గూర్చి ఒకమాట చెప్పి ముగింతును. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము రావిచెట్టు రంగారావుగారి ఇంటనే మొదలైనది. భవనము కట్టిన తరువాత పుస్తకములు, పుస్తకములు కూడిన తరువాత పాఠకులు అని వారు వేచియుండలేదు. మన పెద్దలు కూడ ఇరువదియైదేండ్ల క్రింద ఒక గది, రెండు బీరువాలతో ఈ దీపము వెలిగించిరి. అది గొప్పయే. అంతకంటె గొప్పది, నాటినుండి నేటివరకు సాయంకాలము కాగానే ఎవరో ఒకరు వచ్చి ఈ తలుపు తెరచుట. సంకల్పము ఒకనాటిది. తలుపు తెరచుట ప్రతినాటిది. ఈ సంస్థకు పట్టాదారులు చందా పుస్తకములో ఉన్నారు. అనుభవదారులు తలుపు తెరచినవారును, లోనికి వచ్చి చదివినవారును.

ఇన్నాళ్లు తాళపుచెవి మోసిన పెద్దలకు వయస్సు మీరినది. దానిని అందుకొనుటకు ఒక కొత్త చేయి కావలెను. నేటి సభలో చప్పట్లు కొట్టి రేపు మరచునట్టి చేయి కాదు. వారమున కొక్కనాడైనను సరే, “గురువారము నాది” అని హద్దు చెప్పి, ఆ గురువారము వానయైనను పెండ్లియైనను వచ్చి తలుపు తీయగల చేయి. అట్టివారు ఏడుగురు దొరకినచో ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము చూచును. దొరకకున్నచో ఎవరును మూయకయే ఇది మూతపడును. నేను చెప్పవలసినదెల్ల ఈ ఒక్క మాటలోనే యున్నది.

సభ ముగియగానే కార్యదర్శిగారి బల్లమీద ఏడు వరుసల కాగిత మొకటి ఉండును. అందులో పేరు, వారము, తేదీ అను మూడు గడులు గీచియుంచితిని. పట్టాదారు గడి మాత్రము గీయలేదు. సంతకము చేయుటకు తొందరపడ నక్కరలేదు. చిరకారివలె తూచి చూచుకొనుడు. కాని తూచుట నేటి రాత్రితో ముగించి, రేపటి సాయంకాలము తలుపు తెరచు వేళకు జవాబు తెండు.